అమ్మ కాదు, అమ్మొద్దు

స్ట్రోక్ వచ్చిన 63వ రోజున మా ఆయన మాతో మొదటి మాట చెప్పారు. ఆ మాట "చెవి". ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడల్లా ఆయన చెవి దిండు కింద మడత పడిపోతోంది. ఎర్రగా కందిపోయి అంచున పుండు కూడా మొదలైంది. పుండ్లు పడకూడదని వీపు చూసేవాళ్ళం, మడమలు చూసేవాళ్ళం, రోజుకు నాలుగైదు సార్లు తిప్పేవాళ్ళం. చెవి ఎవ్వరం చూడలేదు. ఆయనకు నొప్పి తెలుస్తోంది, గదిలో మేం మాట్లాడుకునేదంతా వినిపిస్తోంది. చెప్పే దారే లేదు.

ఆ దారి ఎలా దొరికిందో, ఎక్కడ తప్పు చేశామో, మెదడు నుంచి నేరుగా అక్షరాలు రాబట్టే యంత్రం దాకా వెళ్ళి ఏం చూశామో రాస్తున్నాను. ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళు చదువుతారని నా ఆశ.

2022 జులైలో, సికింద్రాబాద్ బోనాలు అయిన వారానికి, పొద్దున్నే ఆయనకు కళ్ళు తిరిగాయి. ఒక్కటి రెండుగా కనిపిస్తోందన్నారు. గ్యాస్ అనుకున్నాం. మధ్యాహ్నానికి మాట ముద్దగా అయింది, రాత్రికి చేతులూ కాళ్ళూ ఏవీ కదల్లేదు. మెదడు కింది భాగానికి రక్తం తీసుకెళ్ళే బేసిలార్ ఆర్టరీలో గడ్డ అడ్డుపడింది. వెంటిలేటర్, ఊపిరి కోసం మెడ దగ్గర చేసే రంధ్రం (ట్రకియాస్టమీ), ముక్కులో పైపు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఆస్పత్రి నుంచి వారాసిగూడలోని మా ఇంటికి తెచ్చేటప్పుడు అక్కడ ఒకరు నాతో, "ఆయనకు ఏమీ తెలియదమ్మా, కళ్ళు తెరిచి ఉంటాయి అంతే" అన్నారు. నేను నమ్మాను. నమ్మినందుకు ఇప్పటికీ బాధపడతాను.

మింగగలరేమో చూడడానికి ఒక స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి ఇంటికి వచ్చింది. మంచం పక్కన నిలబడి, ఆయన ముఖానికి తన ముఖం ఎదురుగా పెట్టి, "అంకుల్, పైకి చూడండి" అంది. చూశారు. "కిందికి" అంది. చూశారు. "పక్కకు" అంటే మాత్రం కళ్ళు కదల్లేదు. ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. "అవునంటే పైకి, కాదంటే కిందికి. మనం వరంగల్‌లో ఉన్నామా?" కిందికి. "మీకు ఇద్దరు కొడుకులా?" కిందికి. "ఒక్కడేనా?" పైకి. పది ప్రశ్నలు అడిగితే పదింటికీ సరిగ్గా చెప్పారు. నేను మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

దీన్ని లాక్డ్ ఇన్ సిండ్రోమ్ అంటారట. 1966లో ప్లమ్, పోస్నర్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు పెట్టిన పేరు. మెదడు కాండంలో (బ్రెయిన్ స్టెమ్) పాన్స్ అనే భాగం ముందువైపు దెబ్బతింటే మెదడు నుంచి ఒంటికి వెళ్ళే ఆజ్ఞలన్నీ అక్కడే ఆగిపోతాయి. కళ్ళను పక్కలకు తిప్పే కేంద్రం కూడా పాన్స్‌లోనే ఉంది. పైకీ కిందికీ తిప్పేది దానికి పైన, మిడ్ బ్రెయిన్‌లో ఉంది. అందుకే ఆ కొంచెం కదలిక మిగిలింది. మనిషి, జ్ఞాపకం, తెలివి, కోపం అన్నీ లోపల అలాగే ఉన్నాయి. మా ఆయనకు పైకీ కిందికీ చూడడం ఒక్కటే మిగిలిన తలుపు.

థెరపిస్ట్ ఇంగ్లిష్ అక్షరాల చార్టు తెచ్చింది. మా ఆయన సూర్యాపేటలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. నేను చార్టు తిప్పి వెనకవైపు తెలుగు అక్షరాలు రాశాను. ప్రభుత్వ హైస్కూల్లో 26 ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను కానీ మన వర్ణమాల ఇంత పనికొచ్చే పట్టిక అని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. అది ముందే వరుసలుగా పేర్చి ఉంది. అచ్చులు ఒక వరుస. తర్వాత క, చ, ట, త, ప. సంధులు చెప్పేటప్పుడు పరుషాలు అని పిల్లలతో వల్లె వేయించే ఆ ఐదు అక్షరాలే ఐదు వరుసలకు గుర్తులు. చివర య వరుస. నేను "అ, క, చ, ట, త, ప, య" అని నెమ్మదిగా చదువుతాను. కావలసిన వరుస రాగానే ఆయన పైకి చూస్తారు. ఆ తర్వాత ఆ వరుసలో అక్షరాలు ఒక్కొక్కటీ. తర్వాత గుణింతం. తర్వాత "ఒత్తు ఉందా?"

మొదటి రోజు "చెవి" అన్న రెండు అక్షరాలకు పదకొండు నిమిషాలు పట్టింది. తర్వాత చార్టును చాలాసార్లు మార్చాను. ఙ, ఞ తీసేశాను. వత్తు అక్షరాలను వరుస చివరికి నెట్టాను. త వరుసలో "న" ముందుకు తెచ్చాను, ఎందుకంటే మన మాటల్లో అది చాలా ఎక్కువ. గుణింతంలో తలకట్టు, కొమ్ము, గుడి, దీర్ఘం ముందు, మిగతావి తర్వాత. నెల తిరిగేసరికి చార్టు అవసరమే లేకుండా పోయింది, ఇద్దరికీ నోటికి వచ్చేసింది. రాత్రి కరెంటు పోతే సెల్ ఫోన్ లైటులో ఆయన కళ్ళు చూస్తూ కూడా మాట్లాడుకున్నాం.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే చెప్పాలి.

ఆయనకు రాణిగంజ్‌లో మోటార్ వైండింగ్ షాపు ఉంది. 24 ఏళ్ళుగా నడుపుతున్నారు. కాలిపోయిన బోరు మోటార్లు, లేత్ మెషీన్ల మోటార్లు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆస్పత్రి ఖర్చుకు చేసిన అప్పు పెరిగిపోయింది. ఒక సాయంత్రం మా అన్నయ్య, మా మరిది మంచం పక్కనే కూర్చుని షాపు ఎవరికి ఇస్తే ఎంత వస్తుందో లెక్కలు వేశారు. నేనూ అక్కడే ఉన్నాను. వాళ్ళు వెళ్ళాక ఆయన రెండుసార్లు పైకి చూశారు. అది "మాట్లాడాలి" అనే గుర్తు. మొదలుపెట్టాను. "అ". తర్వాత "మ". ఒత్తు ఉందా అంటే ఉందన్నారు. "అమ్మ! అత్తమ్మను చూడాలని ఉందా?" అని నేనే అనేశాను. ఆయన కిందికి చూశారు. అలసిపోయి కళ్ళు వాలుస్తున్నారనుకున్నాను. "రేపే పిలిపిస్తాను, మీరు పడుకోండి" అని లైటు ఆర్పాను.

మర్నాడు పొద్దున్నే 78 ఏళ్ళ మా అత్తమ్మ సూర్యాపేట నుంచి బస్సెక్కి వచ్చింది. కొడుకు చెంపలు నిమిరి ఏడ్చింది. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు వచ్చాయి. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానని అనుకున్నాను. మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక ఆయన మళ్ళీ రెండుసార్లు పైకి చూశారు. "అ". "మ్మ". అమ్మ ఇక్కడే ఉంది కదండీ అనబోయి ఆగాను. థెరపిస్ట్ చెప్పిన మాట గుర్తొచ్చింది, ఊహించి పూర్తి చేయకండి ఆంటీ అని. గుణింతం చదివాను. ఒత్వం దగ్గర పైకి చూశారు. "మ్మొ". తర్వాత త వరుస. "ద". ఒత్తు ఉంది. కొమ్ము.

అమ్మొద్దు.

ఒక రాత్రీ ఒక పగలూ ఆ మాటను ఆయన లోపల పట్టుకుని ఉన్నారు. సగం మాట విని నేను ఊళ్ళో ఉన్న పెద్దావిడను కదిలించాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఆయన కళ్ళు మూసుకుని, రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు తెరవకపోతేనే మాట అయిపోయినట్టు. అప్పటిదాకా ఎవ్వరూ, చివరికి డాక్టరైనా సరే, ఆ మాట తాము పూర్తి చేయకూడదు. షాపు అమ్మలేదు. అక్కడ పనిచేసే కుర్రాడికే తాళాలు ఇచ్చాం.

చార్టుతో ఒక ఇబ్బంది ఉంది. ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి. నేను బడికి వెళ్తే ఆయన మూగే. అందుకని కంటిచూపుతో నడిచే కంప్యూటర్ గురించి విచారించాం. స్క్రీన్ కింద ఒక కెమెరా పట్టీ ఉంటుంది, కళ్ళు ఎటు చూస్తే ఆ అక్షరం పడుతుంది. డెమోకు ఒక అబ్బాయి వచ్చాడు. ముందు క్యాలిబ్రేషన్ చేయాలి. స్క్రీన్ నాలుగు మూలలకూ ఒక చుక్క తిరుగుతుంది, దాన్ని కళ్ళతో వెంబడించాలి. మా ఆయన కళ్ళు పక్కకు పోవు. మూడుసార్లు చేశాక ఆ అబ్బాయి "పేషెంట్ కోఆపరేట్ చేయట్లేదు మేడమ్" అని సర్దుకున్నాడు. ఆయన వింటున్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. కళ్ళు పక్కలకు బాగా తిరిగేవాళ్ళకు, ముఖ్యంగా ఏఎల్ఎస్ (కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) ఉన్న చాలామందికి, ఆ యంత్రం ఎంతో మేలు చేస్తుంది. మా ఇంటికి అది సరిపోలేదు, అంతే. కొనేముందు కళ్ళు ఎటెటు కదులుతాయో ఎవరితోనైనా పరీక్ష చేయించండి.

2023 ఆగస్టులో ఒక రాత్రి మా అబ్బాయి ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తూ పరిగెత్తుకొచ్చాడు. వాడు అప్పుడు బీటెక్, ఈసీఈ. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ అనే న్యూరోసర్జన్ బృందం చేసిన పని అది. కెనడాలో టీచరుగా పనిచేసిన ఒకామెకు 2005లో, 30 ఏళ్ళ వయసులో, ఇలాగే బ్రెయిన్ స్టెమ్ స్ట్రోక్ వచ్చింది. ఆమె మెదడు ఉపరితలం మీద, మెదడు సంకేతాలను పట్టే 253 ఎలక్ట్రోడ్లున్న పల్చటి రేకు పెట్టారు. ఆమె మనసులో గొంతు విప్పి మాట్లాడడానికి ప్రయత్నిస్తే స్క్రీన్ మీద నిమిషానికి 78 మాటల దాకా వస్తున్నాయి. ఆమె పెళ్ళి వీడియోలోని గొంతును తీసుకుని ఆ గొంతుతోనే పలికిస్తున్నారు. అదే రోజుల్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఏఎల్ఎస్ ఉన్న ఒకామెతో నిమిషానికి 62 మాటలు చెప్పించారు. మరుసటి ఏడాది డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో, మెదడులో 256 ఎలక్ట్రోడ్లు పెట్టుకున్న ఒకాయన మాటలు 97 శాతానికి పైగా సరిగ్గా వచ్చాయి.

నేను ఆ వీడియో ఆయనకు చూపించాను. చూసి, చాలాసేపటి తర్వాత అడిగారు: "అనుకున్నదంతా తెలుస్తదా". నాకు అంతకు ముందు రాని ఆలోచన అది. మా అబ్బాయి చదివి చెప్పాడు. ఈ యంత్రాలు మనసులో ఉన్నది చదవవు. నాలుక, పెదవులు, గొంతు కదపాలని మనిషి ప్రయత్నించినప్పుడు మెదడులో ఆ కండరాలను నడిపే చోట పుట్టే సంకేతాలను పట్టుకుని, అవి ఏ ధ్వనులో కంప్యూటర్ లెక్కకడుతుంది. మనిషి చెప్పాలని పూనుకుంటేనే వస్తుంది. ఆయన పైకి చూశారు. అంటే సరే అని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడికి వెళ్ళాలి, ఎంతవుతుంది, ఇల్లు పెడితే వస్తుందా అని. తర్వాత తెలిసింది, ఇవి డబ్బిస్తే పెట్టే ఆపరేషన్లు కావు. ఒక్కో ప్రయోగంలో ఒకరో ఇద్దరో ఉంటారు. వీటిలో చాలావాటికి తల మీద ఒక ప్లగ్ బయటికి ఉంటుంది, దానికి వైరు తగిలిస్తారు, పరిశోధకులు నెలల తరబడి వచ్చి కంప్యూటర్‌కు ఆ మనిషి సంకేతాలు నేర్పుతారు. పైగా అది ఇంగ్లిష్ నేర్చుకున్న యంత్రం. 2024లో చాంగ్ బృందమే ఒక మనిషి నుంచి ఇంగ్లిష్, స్పానిష్ రెండూ రాబట్టింది. అది చదివినప్పుడు తెలుగుకూ ఒక రోజు వస్తుందని నాకు ధైర్యం కలిగింది. మన ఒత్తులు, మన గుణింతం, సూర్యాపేట యాస, అన్నీ ఎవరో కూర్చుని దానికి నేర్పాలి.

ఆపరేషన్ లేకుండా తల మీద ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి చేసే పద్ధతి ఒకటుంది. మా అబ్బాయి కాలేజీలో ముగ్గురు సీనియర్లు ప్రాజెక్టుగా అదే చేస్తున్నారు. గొంతులో కఫం లాగే సక్షన్ మెషీన్‌తో సహా ఆయనను కదిలించలేం కాబట్టి వాళ్ళే ఒక శనివారం మా ఇంటికి వచ్చారు. మెదడు కరెంటును తల మీద నుంచి మొదట నమోదు చేసింది 1924లో, జర్మనీలో హాన్స్ బెర్గర్. దానితో అక్షరాలు ఎంచుకునే పద్ధతిని 1988లో ఫార్వెల్, డాంచిన్ అనేవాళ్ళు చూపించారు. ఆరు వరుసలు, ఆరు నిలువుల గళ్ళల్లో అక్షరాలుంటాయి. వరుసలూ నిలువులూ ఒకటి మార్చి ఒకటి మెరుస్తుంటాయి. తనకు కావలసిన అక్షరం మెరిసినప్పుడల్లా మనిషి మనసులో లెక్కపెట్టుకోవాలి. ఎదురుచూస్తున్నది కనిపించిన సుమారు 300 మిల్లీసెకన్లకు మెదడులో ఒక చిన్న అల లేస్తుంది. కంప్యూటర్ ఆ అలను వెతుకుతుంది. వినగానే నాకు మా చార్టే గుర్తొచ్చింది. నేను నోటితో చదివేది అక్కడ స్క్రీన్ మెరుస్తూ అడుగుతోంది.

మొదటి శనివారం ఏ పనీ కాలేదు. అత్తమ్మ ప్రేమతో రోజూ కొడుకు తలకు కొబ్బరి నూనె పట్టిస్తుంది. నూనె మీద ఎలక్ట్రోడ్ల కింద వేసే జెల్ పట్టదు, ఎలక్ట్రోడ్లకు సంకేతం అందదు. తర్వాతి సారికి షాంపూతో రెండుసార్లు తలంటాం. ఇంకో సమస్య, గళ్ళు స్క్రీన్ అంతా పరుచుకుని ఉన్నాయి, ఆయన చూపు నడుమనే ఉంటుంది. ఆ పిల్లలు వారం కూర్చుని మార్చారు. అక్షరాలన్నీ స్క్రీన్ నడుమ ఒకే చోట ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా చేశారు. నేను అడిగితే ఇంగ్లిష్ బదులు ఎనిమిది తెలుగు అక్షరాలు బొమ్మలుగా పెట్టారు.

ఆ రోజు జరిగింది నేను జీవితంలో మర్చిపోను. టోపీ పెట్టారు, జెల్ వేశారు, స్క్రీన్ మీద గీతలు చూస్తే అంతా ఒకటే దట్టమైన గజిబిజి. మెదడు అల కొన్ని మైక్రోవోల్టులే ఉంటుందట, అంటే వోల్టులో పది లక్షల వంతులు కొన్ని. దాన్ని ఏదో ముంచేస్తోంది. పిల్లలకు టెన్షన్. ఒకడు "50 హెర్ట్జ్ ఫుల్లుగా వస్తోంది రా, ఫిల్టర్ పెట్టినా పోట్లేదు" అన్నాడు. అంటే ఇంటి కరెంటు అలే వచ్చి మెదడు గీతల్లో కలుస్తోందని. మా ఆయన రెండుసార్లు పైకి చూశారు. ప్రయోగానికి తాను సిద్ధమని ఆయన చెబుతున్నారేమో అని పిల్లలు అనుకున్నారు. "ఆగండి నాన్నా, ఆయన ఏదో చెబుతున్నారు" అని నేను దగ్గరికి వెళ్ళాను.

"ఎ". "ర్". త ఒత్తు, కొమ్ము. "ఎర్తు". పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంకా ఉందని ఆయన కళ్ళు చెబుతున్నాయి. "బా". "క్సు". "కు". "లే". "దు". పది నిమిషాలు పైనే పట్టింది. ఎవ్వరూ మధ్యలో మాట అందించలేదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సుకు సాకెట్లు మూడు పిన్నులవే, కానీ గోడకు పెట్టే ప్లగ్గు రెండు పిన్నులది. దానికి ఎర్త్ వైరే లేదు. ల్యాప్‌టాప్ ఛార్జర్, ఎయిర్ బెడ్ మోటారు అన్నీ దానికే ఉన్నాయి. ఛార్జర్ తీసేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టారు, ఎయిర్ బెడ్‌ను కాసేపు ఆపారు, టోపీ వైర్లను మంచం నుంచి దూరంగా జరిపారు. గీతలు తేటపడ్డాయి. "అంకుల్, మా ల్యాబ్‌లో రెండు వారాలు కొట్టుకున్నాం దీంతో" అని ఆ పిల్లవాడు ఆయన చేయి పట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళు త్రీ ఫేజ్ కరెంటుతో పని చేసిన మనిషి ఆయన. 50 హెర్ట్జ్ అని ఒక్క మాట వినబడితే చాలు, రోగం ఎక్కడుందో ఆయనకు తెలిసిపోయింది. యంత్రం ఆయన మెదడులో ఏముందో వెతుకుతున్న గంటలో, ఆయన దాని వైరులో ఏం లేదో చెప్పారు.

ఆ రోజు ఎనిమిది అక్షరాలు అడిగితే ఐదు సరిగ్గా వచ్చాయి. ఒక్కో అక్షరానికి నిమిషం పైనే పట్టింది. అరగంటకు ఆయన అలసిపోయారు. నిజం చెప్పాలంటే మా చార్టే దీనికంటే నయం. అయినా ఆ పిల్లలను మళ్ళీ రమ్మన్నాను, నెలకు ఒకసారి వస్తున్నారు. ఎందుకంటే కళ్ళ కదలిక కూడా పోయినవాళ్ళున్నారు. 2022లో జర్మనీ వాళ్ళు ఒక సంగతి ప్రచురించారు. ఏఎల్ఎస్‌తో కళ్ళు కూడా కదపలేని స్థితికి వచ్చిన ఒకాయన, మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్ల సాయంతో, చెవికి వినిపించే శబ్దాన్ని హెచ్చించడం తగ్గించడం ద్వారా అవును, కాదు అని చెప్పి, నిమిషానికి ఒక అక్షరం చొప్పున వాక్యాలు కూర్చాడు. తినడానికి ఏం కావాలో అడిగాడు. తన చిన్న కొడుకును ప్రేమగా తలచుకున్నాడు. నిమిషానికి ఒక అక్షరం చిన్న సంగతి అని ఎవరైనా అంటే, వాళ్ళు ఎవరి మాట కోసమూ రెండు నెలలు ఎదురుచూసి ఉండరు.

ఇప్పుడు ఇంట్లో రోజూ వాడేది వేరే. మా అబ్బాయి కోఠి గుజరాతీ గల్లీలో చిన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ కొని పాత కళ్ళజోడు ఫ్రేముకు బిగించాడు. ఆయన పైకి చూస్తే రెప్ప కదలిక దానికి అందుతుంది, అది స్విచ్ నొక్కినట్టు. పాత ల్యాప్‌టాప్ నా బదులు "అ, క, చ, ట, త, ప, య" అని చదువుతుంది, అది కూడా నా గొంతుతోనే రికార్డు చేసింది. మాట పూర్తయితే మా ఇద్దరి ఫోన్లకు మెసేజ్ వస్తుంది. మొదటి వారం రెప్ప వాలినప్పుడల్లా అక్షరాలు పడిపోయేవి. ఎంతసేపు పైకి చూస్తే లెక్కలోకి తీసుకోవాలో సరిచేశాక కుదురుకుంది. ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో ఉండగా నాకు "కూర ఏం చేశావు" అని మెసేజ్ వస్తుంది. ఆయనకు పైపులోనే వెళ్తుంది అన్నీ, అయినా అడుగుతారు. నేను పూర్తిగా రాసి పంపుతాను, పోపులో ఏం వేశానో కూడా.

షాపు కుర్రాడికి ఆయన వాట్సాప్‌లో పెట్టిన పాత వాయిస్ మెసేజ్‌లు నాలుగు దొరికాయి. "ఆ కాయిల్ వార్నిష్ ఆరినంకనే కట్టు" లాంటివి. మూడు చోట్ల దాచి పెట్టాను. తెలుగులో మాట్లాడే యంత్రం వచ్చిన నాటికి ఆ గొంతు ఉండాలి.

ఈ ఆదివారం ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. ఎక్కడెక్కడ బాగాలేదో అడిగాను. చెవి సంగతి ఉంచమన్నారు. అత్తమ్మ వచ్చిన సంగతి కూడా ఉంచమన్నారు. చివరలో ఒక వాక్యం కలపమన్నారు, పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన చెప్పినది చెప్పినట్టు:

"రాణిగంజ్ షాపు తెరిచే ఉంది."